దూకుడు, నిదానం, ఒక పసిపిల్ల పేరు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు తిరిగొచ్చాక ఆఫీసులో అందరూ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: రెండిట్లో ఏది కొందాం? అక్కడేం తిన్నావు, ఎవర్ని కలిశావు, చలి ఎలా ఉంది అని ఒక్కరూ అడగలేదు. అడగనివాటి గురించే రాద్దామని కూర్చున్నాను. తీరా రాస్తుంటే అడిగినదీ అడగనిదీ ఒకచోటే ముడిపడుతున్నాయి. విడదీయడం నా వల్ల కావడం లేదు.

మా కంపెనీ విజయవాడది. ఉత్తరాంధ్రలో ధాన్యం కొంటుంది, సముద్రం ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలు నడుపుతుంది. ప్రతి బ్రాంచిలో ఇంటర్నెట్టు తెచ్చే డబ్బాలు, వైఫై డబ్బాలు ఉంటాయి. వాటిలో ఏది మొరాయించినా రెండు జిల్లాలకూ కలిపి ఉన్న ఒకే ఒక్క అప్పన్న బండేసుకుని వెళ్లి బాగుచేసి రావాలి. ఇప్పుడు ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లొచ్చాయి. అన్ని ఊళ్ల డబ్బాలనీ ఒకచోట నుంచే కనిపెట్టుకుని ఉంటాయి, తప్పు జరిగితే వాటంతట అవే దిద్దుకుంటాయి. అలాంటివి రెండు తెచ్చి అక్కడ ట్రయలు వేశారు. ఏది మేలో చూసి రమ్మని నన్ను పంపారు.

వాటి అసలు పేర్లు ఇక్కడ రాయను. అమ్మేవాళ్లతో నాకెందుకు గొడవ. నేను మనసులో పెట్టుకున్న పేర్లు దూకుడు, నిదానం.

విజయనగరం

రైలు దిగేసరికి చలి మునివేళ్లు కొరుకుతోంది. మా తెనాలిలో చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. ఇక్కడ టీ కొట్టు దగ్గర మనుషులు నిజంగానే మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. అప్పన్న స్టేషను బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. రాజాం దగ్గర వ్యవసాయం చేసే కుటుంబం వాళ్లది. బొద్దు మీసం, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే ముఖం.

"రాండి మేడం. ముందు టిపిను తినేసి ఎల్దాం. కాలీ కడుపుతో కంప్యూటరు సూడకూడదు," అన్నాడు.

ఇడ్లీ ముప్పై రూపాయలు. పక్కన పోసిన సాంబారులో బెల్లం. కారం తిని పెరిగిన ప్రాణం నాది, మొదటి స్పూనుకే ముఖం చిట్లించాను. అప్పన్న చూశాడు. "మీకు గుంటూరు కారం కావాలేటి? అయితే కన్నీళ్లు కూడా మీరే తెచ్చుకోవాల," అని నవ్వాడు. రెండో పూటకి ఆ తీపి అలవాటైంది. ఇంటికొచ్చాక మా సాంబారే చప్పగా అనిపిస్తోంది.

విజయనగరం ఆఫీసులో నడుస్తున్నది నిదానం. కొత్త ఫోనో కొత్త కంప్యూటరో లోపలికి రాబోతే అది అప్పన్న ఫోనుకి కబురు పంపుతుంది: ఎవరో వచ్చారు, రానివ్వనా? ఆయన సరే అంటే తలుపు తీస్తుంది, వద్దంటే తీయదు, ఏమీ అనకపోతే అలాగే నిలబడి ఉంటుంది. మర్యాదస్తురాలైన కోడలి తీరు. చిక్కేమిటంటే మొన్నామధ్య అప్పన్న మేనకోడలి పెళ్లిలో ఫోను సంచిలో పెట్టి వడ్డనలో మునిగిపోయాడు. ఆడిటు కోసం వచ్చినవాళ్లు మధ్యాహ్నందాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారట.

"నిదానమే ప్రధానం అంటారు కదేటి," అన్నాడు అప్పన్న.

"ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు," అన్నాను. అప్పటికి నేను ఏ పక్కో నాకే తెలియదు. తమాషాకి అన్నాను, అంతే.

రామతీర్థం

రాజాం వెళ్లే ముందు రామతీర్థం చూపిస్తానని అప్పన్న పట్టుబట్టాడు. చుట్టుదారే అయినా కాదనలేకపోయాను. రాముడి గుడి, కొండ, ఆ పక్క కొండల మీద ఎప్పటివో బౌద్ధుల ఇటుక గోడలు. ఎండ అప్పుడప్పుడే ఎక్కుతోంది. సగం మెట్ల దగ్గర నా చెప్పు తెగింది. మంచి తోలు చెప్పు, ఈ ప్రయాణం కోసమనే కొన్నది. రెండోదాన్ని కూడా చేత్తో పట్టుకుని ఉత్తికాళ్లతో ఎక్కాను.

పైన గోడల మధ్య గడ్డి కోసుకుంటున్న ముసలమ్మ నా కాళ్లు చూసి, "సెప్పులిప్పేసొచ్చినావా, మంచి పని సేసినావు తల్లీ," అంది. తెగిందని చెప్పడానికి మనసు రాలేదు. ఈ గోడల్లో ఎవరుండేవారని అడిగాను. "సన్నాసులు. మాటాడేవోరు కాదట. సైగలేనట," అంది. నిజమో కాదో నాకు తెలియదు. ఆమె మాత్రం వాళ్లని తన పెళ్లిలో చూసినంత ధీమాగా చెప్పింది.

అప్పన్న ఫోను పైకెత్తి పట్టుకుని, "ఈ కొండ మీద సిగ్నలు పుల్లుగా ఉన్నాది," అన్నాడు సంబరంగా. కిందికి దిగాక ఒక కొట్లో రబ్బరు చెప్పులు కొన్నాను, నూటయాభై. కాస్త పెద్దవి. ఆ తర్వాత టపటపలాడుతూనే తిరిగాను.

రాజాం

రాజాంలో దూకుడు ప్రతాపం చూశాను. సంతలాంటి ఊరు: కాలేజీ పిల్లలు, బట్టల కొట్లు, ధాన్యం లారీలు, ఒకదాని మీద ఒకటి పడుతున్న ఆటోలు. మా కొనుగోలు ఆఫీసు ముందు రైతులు బస్తాలతో వరుసగా ఉన్నారు. తూకం, తేమ శాతం, డబ్బు వేయడం అన్నీ ఇంటర్నెట్టు మీదే. సరిగ్గా మేం లోపల కూర్చుని టీ తాగుతుండగా రోడ్డు తవ్వుతున్న యంత్రం ఒకటి మా కేబులు తెంపేసింది.

నిదానమైతే అప్పన్నకి కబురు పెట్టి కూర్చునేది. దూకుడు ఎవర్నీ అడగలేదు. కేబులు పోయిందని కనిపెట్టి, మేం కొన్న రెండో లైనుకి ఆఫీసంతటినీ మార్చేసి, చివర్న మాకో ముక్క చెప్పింది. బయట తూకం ఆగలేదు. బస్తా దింపుతున్న రైతుకి ఏదో జరిగిందనే తెలియదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అప్పన్న మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"బాగుంది అక్కా. కానీ మనల్ని ఒక్క మాటైనా అడగాలి కదా," అన్నాడు. మేడం అక్కగా మారింది అక్కడే.

"అడుగుతూ కూర్చుంటే ఈపాటికి వీళ్లంతా మనల్ని తిట్టేవాళ్లు," అన్నాను. ఆ సాయంత్రం మురీ మిక్చరు తింటూ నా మనసులో దూకుడుకే ఓటేసేశాను. మేం బొరుగులనేవి ఇక్కడ మురీలు. ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన వేరుశనగలు వేసి పొట్లం కట్టి ఇరవై రూపాయలు. అంత రుచిగా ఉన్న పూట మనిషికి తన నిర్ణయాల మీద అనుమానం రాదు కాబోలు.

ఐసు ఫ్యాక్టరీ

శ్రీకాకుళం దాటి సముద్రం వైపు వెళ్లాం. ఊరి పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. తాటిచెట్లు, ఎండబెట్టిన వలలు, నాలుగు వీధులు, ఊరి మధ్యలోనే మా ఐసు ఫ్యాక్టరీ. ఊళ్లో ఎక్కువమంది మగవాళ్లు గుజరాత్ రేవుల్లో పడవల మీద పనికి వెళ్లారు. చలి మొదలవక ముందు వెళ్తే మళ్లీ వేసవికే రాక. ఇక్కడ ఫోనులో మాట వచ్చినా సగం సగమే వస్తుంది, బొమ్మ అసలే కదలదు. అందుకని అప్పన్న ఎప్పుడో మా వైఫైలో ఆడవాళ్లకి విడిగా ఒక దారి ఇచ్చాడు. మా పెద్దసారుకీ తెలుసు. ఐసు కొనేది ఈ ఇళ్లవాళ్లే కదా అని చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

సాయంత్రమయ్యేసరికి ఐసు తొట్ల పక్కన గోనెసంచులు పరుచుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. ఒక్కొక్కరి ఫోనులో ఒక్కొక్క మొగుడు. ఒకామె పోట్లాడుతుంది, ఒకామె చేప పులుసు గిన్నె కెమెరాకి చూపిస్తుంది, ఒకామె ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చుంటుంది. మా వైపు మొగుడు ఊళ్లో ఉంటేనే ఇంత మాట్లాడుకోవడం నేను చూడలేదు.

అక్కడ ఆ రోజు నుంచి దూకుడు పరీక్ష. దానికి తెలియని ఫోను కనబడితే దొంగ కింద లెక్క. అందుకని నేనే గోనెసంచి మీద కూర్చుని, ఉన్న ఫోనులన్నీ దానికి పరిచయం చేశాను. ఆడవాళ్లు నా చుట్టూ మూగారు. "నాది రాసినారా?" "నా ఫోను గాజు పగిలినాది, పర్నేదా?" ఎంత సరదాగా జరిగిందో చెప్పలేను. ఒక్కటీ వదలలేదని రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

ఆ గుంపులో నూకరత్నం ఉంది. ఒళ్లో నెలైనా నిండని ఆడపిల్ల. మొగుడు ఎర్రయ్య పిల్ల పుట్టకముందే వెళ్లాడు. వాళ్లింట్లో ఆనవాయితీ ఏమిటంటే పిల్ల పేరు తండ్రి నోటి నుంచే, పిల్ల చెవిలోనే, మొదటిసారి పడాలి. ఆ తర్వాతే ఊరికి చెబుతారు. మా వైపు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు, అప్పటికే ఆ పేరుతో కేకు కూడా తయారై ఉంటుంది.

"ఏం పేరు అనుకుంటున్నారు?" అని అడిగాను.

"నాకూ సెప్పలేదమ్మా," అంది నూకరత్నం, సిగ్గూ గర్వమూ కలిసి. "దాని సెవిలోనే ముందు ఏస్తాడట. రేపు పొద్దున్నే పడవ రేవుకొస్తాది. ఐసు, డీజిలు ఏసుకుని మళ్లీ ఎల్లిపోతాది. ఆ మద్దెలోనే."

ఎర్రయ్య ఫోనుకి రీచార్జి సముద్రం మీద ఉండగానే అయిపోయింది. పడవల షెడ్డులో వైఫై ఒక్కటే ఆధారం. అక్కడి వైఫై, ఇక్కడి మా వైఫై, మధ్యలో ఒక పేరు. నూకరత్నం అత్తగారు పోలమ్మ నన్ను కూడా పేరంటానికి పిలిచింది. రాత్రి వాళ్లింట్లో నెత్తళ్ల వేపుడు, చింతపండు పులుసు. ముల్లు గుచ్చుకుని నేను పడ్డ తంటాకి పోలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

అరువు ఫోను

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ ఆఫీసు గది పసుపు వాసనతో నిండిపోయింది. పిల్లకి బుగ్గచుక్క, కొత్త గుడ్డ. నూకరత్నం తలంటుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది. ఆమె చేతిలో ఫోను మెరుస్తోంది. వెనక బొట్టు కూడా పెట్టారు. నిన్న చూసిన పగిలిన ఫోను కాదని నాకు వెంటనే తట్టలేదు.

పెళ్లికి వెళ్తూ పక్కింటి గొలుసు అరువడిగినట్టు, ఈ ఊళ్లో శుభకార్యానికి మంచి ఫోను అరువడుగుతారు. పిల్ల ముఖం తండ్రికి స్పష్టంగా కనబడాలని పోలమ్మ తెల్లవారకముందే వెళ్లి, పైవీధిలో ఎవరో టెక్కలి నుంచి రాత్రి తెచ్చిన కొత్త ఫోను అడిగి తెచ్చింది. నేను పరిచయం చేసిన ఫోనుల్లో అది లేదు. ఎలా ఉంటుంది?

నూకరత్నం గోడ మీదున్న పాస్‌వర్డు చూసి కొట్టింది. రాలేదు. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టింది. పక్కనున్న ఆడవాళ్లు తలా ఒకసారి ప్రయత్నించారు. అప్పటికి నాకు వెలిగి, "ఆగండాగండి, ఆపండి," అంటూ లాప్‌టాప్ తెరిచాను. దూకుడు ఆ సరికే తేల్చేసింది. ఎవరో దొంగ పదేపదే తలుపు తోస్తున్నాడనుకుని ఫ్యాక్టరీ వైఫై మొత్తం మూసేసింది. ఐసు యంత్రాల వైరు ఒక్కటి మిగిల్చింది. నన్ను కూడా బయటికి గెంటింది. గెంటే ముందు తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం మెరిసింది. ప్రమాదం తప్పించామని దాని అర్థం.

అరువు సొమ్ములు బరువు చేటు అంటారు. ఆ సామెత చెప్పినవాళ్లు ఇంత దూరం ఊహించి ఉండరు.

మళ్లీ తెరవాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు నేను, రెండోవారు హెడ్డాఫీసులో. ఇసుక దిబ్బెక్కి తెగుతున్న సిగ్నలులో ఫోను చేశాను. రబ్బరు చెప్పు ఇసుకలో కూరుకుపోయింది, దాన్ని అక్కడే వదిలేశాను. అవతలివాళ్లు సారు మీటింగులో ఉన్నారన్నారు. బతిమాలాను, కసిరాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అది. నా వెనకే దిబ్బ ఎక్కొచ్చిన పోలమ్మ ముఖంలోకి చూడలేకపోయాను.

"పిల్లని రోడ్డు దాకా తీసుకెళ్దాం, అక్కడ సిగ్నలుంటుంది," అన్నాను.

"పేరెట్టనిదే పిల్లని పొలిమేర దాటించకూడదమ్మా," అంది పోలమ్మ. కోపంగా అనలేదు. నాకు తెలియదు కదా అన్నట్టు చెప్పింది.

నూకరత్నం తన పాత పగిలిన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయన దీనికే సేస్తాడు. మీరెల్లండమ్మా. కూసింతసేపు ఆగమని సెప్పండి సాలు," అంది.

రోడ్డు మీద

అప్పన్న బండి అంత వేగంగా పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఆగి, నా ఫోను సిగ్నలు ఆ ఫోనుకి కలిపానో లేదో, అది మోగింది. నల్లటి ముఖం, ఎండకి చెదిరిన జుట్టు, వెనక రంగురంగుల జెండాలతో పడవలు. కళ్లు పిల్ల కోసం తెరంతా వెతికాయి.

"నూకరత్నం ఏది? మీరెవరమ్మా?"

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. దూకుడు అంటే ఆయనకేం అర్థమవుతుంది. మా కంపెనీ మిషను తలుపు మూసేసిందని, కాసేపు ఆగితే తెరుచుకుంటుందని, నాదే పూచీ అని ఏదేదో అన్నాను.

"ఆగడం నా సేతుల్లో నేదమ్మా. ఐసు ఎక్కించేసినారు. పడవ పెద్దాయన కేకలెడతన్నాడు." వెనక నిజంగానే ఎవరో అరుస్తున్నారు. ఆయన తల తిప్పి చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "మళ్లీ రేవుకొచ్చేసరికి ఎన్నాళ్లవుతాదో. అప్పటిదాకా గుంటపిల్ల పేరు నేకుండా ఉండాలేటి?"

ఫోను ఇంకాస్త దగ్గరికి పట్టుకున్నాను.

"మీకు సెప్పేస్తానమ్మా. మీరట్టుకెళ్లి దాని సెవిలో ఏసేయండి. దారిలో ఎవులికీ సెప్పకండి," అన్నాడు. అప్పన్న ఆ మాట విని, తనంతట తనే టీ కొట్టు అవతలికి నడిచి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

ఎర్రయ్య తెరకి దగ్గరగా వంగాడు. పిల్ల చెవి అక్కడే ఉందన్నట్టు గొంతు బాగా తగ్గించాడు. పేరు చెప్పాడు. మొదటి అక్షరం దగ్గర కాస్త ఆగి, సాగదీసి, చివర్న నవ్వు కలిపి చెప్పాడు. ఎన్నాళ్ల నుంచి లోపల అనుకుంటూ ఉంటే ఒక పేరు అలా వస్తుంది! రెండోసారి చెప్పబోతుండగా తెర ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగి మోగి ఊరుకుంది.

తిరిగి వెళ్తున్నంతసేపు పెదవులు బిగించుకునే కూర్చున్నాను. అప్పన్న ఒక్క మాట మాట్లాడించలేదు.

నన్ను చూడగానే నూకరత్నానికి అర్థమైపోయింది. "ఎల్లిపోనాడేటి?" అంది. తలూపాను. పేరు నాతో పంపాడని చెప్పాను. పోలమ్మే, "మోసుకొచ్చినోలే ఏయాల. రా తల్లీ," అని పిల్లని నా వైపు తిప్పింది.

నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది. "మీరు పలికినట్టు కాదమ్మా. ఆయన ఎలాగ పలికినాడో అలాగ పలకండి."

మోకాళ్ల మీద కూర్చున్నాను. పాల వాసన, పసుపు వాసన. నా నోటికి ఆ సాగదీత రాలేదు. ఆ నవ్వు అసలే రాలేదు. తెనాలి నాలుకతో, అప్పజెప్పినట్టు పలికాను. పిల్ల నిద్రలో ముక్కు చిట్లించింది. ఆడవాళ్లు అక్షింతలు వేశారు. కొన్ని నా తల మీద కూడా పడ్డాయి. వచ్చేటప్పుడు పోలమ్మ ఎండు రొయ్యల పొట్లం చేతిలో పెట్టింది. డబ్బివ్వబోతే చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది. మేం బండెక్కుతుండగా వైఫై డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. సారు మీటింగు అయిపోయినట్టుంది.

ఇల్లు

నివేదికలో నిదానమే కొనమని రాశాను. మనిషిని ఒక్క మాట అడిగేదే నయమని, అవసరమైతే అప్పన్నకి తోడు ఇంకొకరిని వేసుకుందామని రాశాను. పెద్దసారు చదివి, "మరి రాజాంలో కేబులు తెగిన రోజున?" అన్నాడు. ఆ రోజు దూకుడు బాగా పనిచేసింది, అబద్ధం చెప్పలేను. దూకుడే కొన్నారు. ఆ గొడవ తర్వాత ఆడవాళ్ల దారి ఉండటం క్షేమం కాదని పూర్తిగా తీసేశారు కూడా. సాయంత్రాలు వాళ్లు ఆటో కట్టుకుని రోడ్డు మీద టీ కొట్టు దాకా వస్తున్నారని మొన్న అప్పన్న ఫోనులో చెప్పాడు. "పిల్ల బాగుందక్కా. పేరెట్టి పిలిస్తే తిరిగి సూస్తన్నాది," అన్నాడు. సంతోషించాలి కదా.

ఆ పేరు నేనిక్కడ రాయను, ఎవరికీ చెప్పలేదు. ఊరి పేరు రాయనిదీ ఎవరూ వెళ్లి ఆ పేరు కనుక్కోకూడదనే. వేసవికి వాళ్ల నాన్న వస్తాడు, ఎత్తుకుంటాడు, రోజుకి వందసార్లు పిలుస్తాడు. కానీ ఆ మొదటిసారి మాత్రం మళ్లీ రాదు. ఆయన దాచి దాచి పలికిన పలుకు నా చెవిలో ఉండిపోయింది. పిల్ల చెవిలో పడ్డది నా గొంతు.